గాలపు కర్రకు ఎంత పెట్టాలి? ఖరీదైన భాగాల్లో అవసరమేది, ఆడంబరమేది

అమీర్‌పేట, పంజాగుట్ట అనగానే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెట్రో రద్దీ, షాపింగ్ గుర్తుకొస్తాయి. చేపల వేట ఎవరికీ గుర్తుకు రాదు. కానీ వారమంతా ఈ హడావిడిలో నలిగి, ఆదివారం తెల్లారక ముందే బైక్ మీద చెరువు గట్టుకు బయల్దేరే కుర్రాళ్లు ఈ గల్లీల్లోనూ ఉన్నారు. ఇది మంచి షౌక్. ఫోన్ పక్కన పెట్టి నాలుగు గంటలు నీళ్ల వైపు చూస్తూ కూర్చోవడం ఈ రోజుల్లో చిన్న విషయం కాదు.

చిక్కు వచ్చేది ఖర్చు దగ్గరే. వీడియోల్లో చూసిన రాడ్ కావాలని అబ్బాయి అడుగుతాడు. ఒకటి రెండు వేలకు దొరుకుతోంది, ఇంకొకటి పన్నెండు వేలు అంటున్నారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి. తేడా ఏమిటని అడిగితే “ఇందులో ఫూజీ గైడ్లు ఉన్నాయి, 40 టన్ కార్బన్, టైటానియం ఫ్రేమ్” అని వరసగా పేర్లు చెబుతారు. అబ్బాకు ఆ పేర్లు తెలియవు. అమ్మీకి నెల బడ్జెట్ మాత్రమే తెలుసు. ఆ పది వేల తేడా వృథానా, కాదా?

సూటిగా చెప్పాలంటే, ఒక స్థాయి దాకా ఎక్కువ ధర పెట్టడం లాభమే. ఆ స్థాయి దాటాక మీరు కొనేది బరువు తగ్గింపును మాత్రమే. రోజంతా వందలసార్లు విసిరేవాళ్లకు అది పనికొస్తుంది. గట్టున కూర్చుని పిండి ఎర వేసే కుటుంబానికి పనికిరాదు. ఏ భాగంలో ఆ గీత ఎక్కడుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు మీ వేట ఏ రకమో తేల్చుకోండి

మన చెరువుల్లో గాలం వేట ప్రధానంగా రెండు రకాలు. మొదటిది కూర్చుని చేసేది. గోధుమ పిండి, పల్లి చెక్క, వానపాము, ఏదో ఒకటి గాలానికి గుచ్చి, బెండు కట్టి నీళ్లలో వేసి ఎదురు చూడటం. రవ్వ, బొచ్చె, బంగారు తీగ, జిలేబి చేపలు ఎక్కువగా ఇలాగే పడతాయి. గంటలో నాలుగైదు సార్లు విసిరితే గొప్ప. మిగతా సమయమంతా కర్ర నేల మీదో, స్టాండు మీదో ఉంటుంది.

రెండోది విసురుతూ తిరిగేది. రబ్బరు కప్పలాంటి కృత్రిమ ఎరను కలుపు మొక్కల పక్కన విసిరి, లాగి, మళ్లీ విసరడం. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను కోసం చేసే వేట ఇది. నిమిషానికి ఒక్కసారి విసిరినా నాలుగు గంటల్లో 240 సార్లు అవుతుంది. కర్ర మొత్తం సేపూ చేతిలోనే ఉంటుంది.

ఈ తేడా తెలియకుండా రాడ్ కొంటే డబ్బు పోయినట్టే. మొదటి రకం వేటకు బరువు తక్కువ కర్ర అవసరం లేదు, మొండిగా నిలిచే కర్ర కావాలి. రెండో రకంలో వంద గ్రాముల తేడా కూడా సాయంత్రానికి మణికట్టులో తెలుస్తుంది.

బొంగు: కార్బనా, ఫైబర్ గ్లాసా?

రాడ్‌లో అసలు కర్ర భాగాన్ని బ్లాంక్ అంటారు. ఒకప్పుడు ఇది వెదురు బొంగు. పల్లెల్లో ఇప్పటికీ అదే, చేపలూ పడుతూనే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫైబర్ గ్లాస్ రాడ్లు వచ్చాయి. 1970ల్లో కార్బన్ రాడ్లు మొదలయ్యాయి. వాటినే గ్రాఫైట్ రాడ్లు అని కూడా పిలుస్తారు.

ఈ రెండింటి మధ్య తేడా లెక్కల్లోనే ఉంది. వంచబోతే కార్బన్ పోగు గాజు పోగు కంటే దాదాపు 3 రెట్లు బిగువుగా నిలుస్తుంది. బరువు కూడా తక్కువ. గాజు పోగు సాంద్రత సుమారు 2.5 అయితే కార్బన్‌ది సుమారు 1.8. అందుకే అదే బిగువును పలుచని, తేలికైన గొట్టంతో సాధించవచ్చు. చేప ఎరను మూతితో తాకినా ఆ కదలిక చేతికి చక్కగా అందుతుంది.

మరి 24 టన్, 30 టన్, 40 టన్ అని రాసేవి ఏమిటి? అవి రాడ్ మోయగలిగే బరువు కానే కాదు. కార్బన్ పోగు ఎంత బిగువుగా ఉందో చెప్పే కొలత అది. చదరపు మిల్లీమీటరుకు ఇన్ని టన్నులు అని అర్థం. మామూలు కార్బన్ 24 టన్ దగ్గర ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ బిగువు పెరుగుతుంది, గొట్టం పలుచనవుతుంది. దాంతోపాటు దెబ్బకు తట్టుకునే గుణం తగ్గుతుంది. బైక్ మీద తీసుకెళ్తున్నప్పుడు కరెంటు స్తంభానికి తగిలినా, చెరువు రాయి మీద పడినా, కనపడని చిన్న పగులు వస్తుంది. తర్వాత ఏదో ఒక రోజు చేప లాగినప్పుడు అక్కడే విరుగుతుంది.

ఇంకో మాట. కర్ర మీద 40 టన్ అని రాసినంత మాత్రాన కర్ర మొత్తం అదే పోగుతో చేశారని కాదు. అందులో ఎంత భాగం ఆ పోగు, దాన్ని కలిపి పట్టుకునే జిగురు ఎంత, చుట్టడం ఎంత శ్రద్ధగా జరిగింది అన్నవే అసలు విషయాలు. మైత్రీవనం చుట్టుపక్కల బోర్డులు చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. బోర్డు మీద కోర్సు పేర్లు ఎన్ని ఉన్నా, లోపల పాఠం చెప్పే మాస్టారు ఎవరన్నదే కదా మనం అడిగేది.

తేల్చి చెప్పాలంటే, పిల్లలకు, కూర్చుని చేసే వేటకు ఫైబర్ గ్లాస్ గానీ, గాజు, కార్బన్ కలిపిన రాడ్ గానీ చాలు. కిందపడినా, ఎవరైనా తొక్కినా కాస్త ఓర్చుకుంటుంది. కొర్రమీను కోసం తిరిగేవాళ్లు మామూలు కార్బన్ రాడ్ కొనుక్కోవచ్చు, ఆ డబ్బు దండగ కాదు. 40 టన్ అన్న పేరు కోసం రెట్టింపు పెట్టడం మాత్రం మన చెరువుల్లో చాలామందికి అనవసరం.

రింగులు: అసలు పేచీ ఇక్కడే

దారం దూరి వెళ్లే రింగులను గైడ్లు అంటారు. దారం నిమిష నిమిషానికీ రాసుకునేది వీటితోనే. కాబట్టి ఖరీదైన భాగం అనగానే ముందు వినపడేది గైడ్ల పేరే. ఈ రంగంలో జపాన్‌కు చెందిన ఫూజీ పేరు ప్రపంచమంతా తెలుసు.

రింగుకు రెండు భాగాలుంటాయి. బయట లోహపు ఫ్రేమ్, లోపల నునుపైన గట్టి వలయం. చవక రకాల్లో లోపలి వలయం అల్యూమినియం ఆక్సైడ్‌తో చేస్తారు. ఖరీదైన వాటిలో సిలికాన్ కార్బైడ్ వాడతారు. వాళ్లు ఎస్‌ఐసీ అని రాసేది దీన్నే. పేరు విని భయపడక్కర్లేదు. కత్తులు సానపట్టే చక్రాల్లో వాడే కార్బొరండం ఇదే పదార్థం. బక్రీద్ ముందు గల్లీలో సానరాయి చక్రం మీద కత్తి పెట్టి నిప్పురవ్వలు లేపడం చూసే ఉంటారు. ఉక్కునే అరగదీసే పదార్థం దారానికి అరగదు. దాన్ని అద్దంలా నునుపు చేసి రింగులో పెడతారు.

మరి అల్యూమినియం ఆక్సైడ్ తక్కువదా? అది కూడా సాన చక్రాల్లో వాడేంత గట్టిదే. మామూలు నైలాన్ దారంతో వేటాడేవాళ్లకు ఏళ్ల తరబడి సరిపోతుంది. అల్లిక దారం, అంటే బ్రెయిడ్ లైన్, వాడితేనే జాగ్రత్త పడాలి. సన్నని గట్టి పోగులు, వాటికి అంటిన ఇసుక కలిసి మెత్తని లోహపు రింగులో గాడి పెడతాయి. ఆ గాడి తిరిగి దారాన్నే కోస్తుంది. బ్రెయిడ్ వాడేవాళ్లకు మంచి వలయం ఉన్న రింగులు నిజమైన అవసరం.

చవక రాడ్లలో తరచుగా వచ్చే సమస్య పదార్థంతో కాదు, పనితనంతో. లోపలి వలయం ఊడిపోవడం, సన్నగా పగలడం, రింగులు వంకరగా కట్టడం, అవసరమైన దానికంటే తక్కువ రింగులు పెట్టడం. పొడవు ఎన్ని అడుగులో కనీసం అన్ని రింగులు, కొస రింగు అదనం అని ఒక మోటు లెక్క ఉంది. 7 అడుగుల రాడ్‌కు కొసతో కలిపి 8 ఉండాలి. తక్కువైతే కర్ర వంగినప్పుడు దారం కర్రనే రాసుకుంటుంది.

బరువు సంగతి కూడా ఉంది. చీపురు కర్ర చివర తడి గుడ్డ కట్టి ఊపి చూడండి. అదే గుడ్డ చేతి దగ్గర కట్టి ఊపండి. గుడ్డ ఒకటే, చేతికి తెలిసే బరువు వేరు. కొస దగ్గరి రింగులు తేలిగ్గా ఉంటే కర్ర చురుగ్గా విసురుతుంది, ఊగడం త్వరగా ఆగుతుంది. ఖరీదైన గైడ్ల అసలు లాభం ఇదే. కానీ ఇది తెలిసేది విసిరే వేటలోనే.

టైటానియం ఫ్రేములు? అవి తేలిక, ఉప్పునీటికి తుప్పు పట్టవు. సెలవుల్లో సూర్యలంక, మచిలీపట్నం వైపు వెళ్లి సముద్రంలో తరచూ వేటాడేవాళ్లకు అర్థం ఉంది. మంచినీటి చెరువుల్లో స్టీలు ఫ్రేములు చాలు. ఎప్పుడైనా సముద్రానికి తీసుకెళ్తే ఇంటికి రాగానే కుళాయి నీటితో కడిగి ఆరబెట్టండి.

ఒక కిటుకు కూడా ఉంది. ఎక్కువ అరిగేవి కొస రింగు, రీల్‌కు దగ్గరగా ఉండే మొదటి రింగు. కొస రింగు వేడి జిగురుతో అతికించి ఉంటుంది. వేడి చేసి తీసి, మంచిది పెట్టుకోవచ్చు. రాడ్ మొత్తం మార్చకుండా ఆ ఒక్క రింగు మార్చుకుంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం. రింగు మార్చవచ్చు, బొంగు మార్చలేం. డబ్బు తక్కువున్నప్పుడు బొంగు మంచిది చూసుకోండి.

పిడి, రీల్ సీటు

పిడికి రెండు రకాల పదార్థాలు వాడతారు. ఒకటి ఓక్ జాతి చెట్టు బెరడు నుంచి వచ్చే కార్క్. రెండోది ఈవీఏ అనే స్పాంజి లాంటిది. మంచి కార్క్ తేలిక, చేతికి హాయి. కానీ చవక కార్క్‌లో రంధ్రాలను పూడ్చిన పొడి కొద్ది రోజులకు రాలిపోతుంది. పిండి, పల్లి చెక్క అంటిన చేతులతో పట్టుకునే మనకు ఈవీఏ నయం. సబ్బు నీళ్లతో కడిగితే పోతుంది. ఇక్కడ ఎక్కువ ధర పెట్టడం అందం కోసమే.

రీల్ సీటు అంటే రీల్‌ను బిగించే చోటు. ఇది ఖరీదైనదే కావాలని లేదు, వదులుగా మాత్రం ఉండకూడదు. బిగించాక రీల్ కొంచెం కదిలినా ఆ రాడ్ వద్దు.

రాడ్‌లో మిగిల్చి ఇక్కడ పెట్టండి

దుకాణంలో అందరి చూపూ రాడ్ మీదే ఉంటుంది. చేప తప్పించుకునేది మాత్రం ఎక్కువగా మూడు చోట్ల: రీల్ డ్రాగ్, దారం, గాలం.

డ్రాగ్ అంటే చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా రీల్ కొంచెం కొంచెం వదిలే ఏర్పాటు. దారం తెగే బలంలో పావు నుంచి మూడో వంతు దగ్గర దీన్ని బిగించాలి. 5 కిలోల దారానికి సుమారు కిలోంపావు నుంచి 1.7 కిలోలు. ఇంట్లోనే పరీక్షించవచ్చు. దారానికి ఒక కిలో చక్కెర ప్యాకెట్ కట్టి వేలాడదీసి, డ్రాగ్‌ను కొంచెం కొంచెం వదులు చేయండి. ప్యాకెట్ మెల్లగా, కుదుపు లేకుండా దిగాలి. ఆగి ఆగి దూకితే ఆ రీల్ మంచిది కాదు.

బాల్ బేరింగుల అంకె చూసి మోసపోకండి. 12+1 అని రాస్తారు. ఆ 1 సాధారణంగా రీల్ వెనక్కి తిరగకుండా ఆపే బేరింగు. నాలుగు మంచి బేరింగులున్న రీల్ పన్నెండు నాసి బేరింగులున్న దానికంటే ఎక్కువ కాలం నునుపుగా తిరుగుతుంది.

దారం అన్నిటికంటే చవక, అన్నిటికంటే ముఖ్యం. నైలాన్ ఎండకు పాడవుతుంది. బాల్కనీలో ఏడాదిగా ఎండిన దారంతో పెద్ద చేపను ఆపలేం. రాళ్లకు తట్టుకున్నాక చివరి రెండు గజాలు వేళ్ల మధ్య జారించి, గరుకు తగిలితే కోసేయండి. ముడి బిగించే ముందు తడపండి.

ఇంట్లో ఈ షౌక్ కోసం 6,000 పక్కన పెట్టారనుకుందాం. రాడ్‌కు 2,500, రీల్‌కు 2,500, దారం, గాలాలు, బెండ్లకు 600, అదనపు కొస రింగు, సంచికి 400. మొత్తం 6,000ను రాడ్ మీదే పెట్టి, రీల్‌కు, దారానికి చవకవి తీసుకున్నవాడి కంటే ఈ పద్ధతిలో కొన్నవాడి చేతికే చేప ఎక్కువగా వస్తుంది.

కొనేటప్పుడు ఐదు పరీక్షలు

ఆన్‌లైన్‌లో తెప్పించినా, దుకాణంలో తీసుకున్నా, డబ్బు ఖాయం చేసే ముందో, వాపసు గడువు లోపలో ఇవి చూడండి.

1. వడ్రంగి చెక్కను చూసినట్టు ఒక కన్ను మూసి రాడ్ పొడవునా చూడండి. కర్ర, రింగులు ఒకే వరసలో ఉండాలి.

2. కొంచెం దూదిని ప్రతి రింగులో తిప్పండి. పోగు చిక్కుకుంటే లోపల పగులుంది.

3. రెండు ముక్కల రాడ్ అయితే జోడించి మెల్లగా ఊపండి. అతుకు దగ్గర టకటక శబ్దం రాకూడదు.

4. దారం ఎక్కించి, కొసను ఎవరితోనైనా పట్టించి కర్రను మెల్లగా వంచండి. దారం కర్రకు తగలకూడదు.

5. ఫూజీ గైడ్లు అంటే ఫ్రేమ్ మీద మార్కు ఉందా, అన్ని రింగులకూ ఉందా చూడండి. “ఫూజీ టైప్”, “ఫూజీ స్టైల్” అన్న మాట ఫూజీ అని కాదు.

అపార్ట్‌మెంట్‌లో ఉండి బైక్ మీద వెళ్లే వాళ్లకు రెండు ముక్కల రాడ్ అనుకూలం. ఒకదాంట్లో ఒకటి దూరే టెలిస్కోప్ రాడ్ ఇంకా చిన్నగా మడుచుకుంటుంది గానీ, అతుకులు ఎక్కువ, ఇసుక దూరితే ఇరుక్కుపోతుంది. రాడ్ కొన్నాక ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి కోయించి అందులో పెట్టుకోండి. ఖరీదైన కవర్ కంటే అది గట్టిగా కాపాడుతుంది.

ధర కంటే ముందు చూడాల్సినవి

కార్బన్ రాడ్ గురించి దుకాణంలో చాలామంది చెప్పని విషయం ఒకటుంది. కార్బన్ గుండా కరెంటు పారుతుంది. చెరువు గట్ల మీద, పొలాల పక్కన 11 కేవీ తీగలు వెళ్తుంటాయి. వాటి కింద కర్ర ఎత్తకండి. తగలకపోయినా, బాగా దగ్గరకు వెళ్తేనే ప్రమాదం. ఉరుము వినపడగానే రాడ్ కింద పెట్టి గట్టు దిగి వచ్చేయండి. పిల్లలకు ఫైబర్ గ్లాస్ మంచిదనడానికి ఇది కూడా ఒక కారణం. అలాగని ఫైబర్ గ్లాస్ తడిగా ఉంటే తీగ దగ్గర అదీ సురక్షితం కాదు.

ఇక ఎక్కడ వేయాలి? పంజాగుట్టకు అతి దగ్గరగా ఉన్నది హుస్సేన్ సాగర్. దశాబ్దాలుగా మురుగు, ఫ్యాక్టరీ నీళ్లు కలిసిన చెరువు అది. అక్కడి చేపను ఇంటికి తెచ్చి తినకండి. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఇక్కణ్ణుంచి ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. 1908 మూసీ వరద తర్వాత, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో కట్టినవి. ఒకటి 1920లో, ఇంకొకటి 1927లో పూర్తయ్యాయి. నగరానికి తాగునీరిచ్చిన జలాశయాలు. అక్కడ ఎక్కడ అనుమతి ఉందో అడిగి తెలుసుకోవాలి. గేట్లు ఎత్తే రోజుల్లో దిగువన నిలబడకూడదు. తెగిన నైలాన్ దారం ముక్కలను వదిలిరాకూడదు. పక్షుల కాళ్లకు చుట్టుకుని అవి చచ్చిపోతాయి.

ఊరి చెరువుల్లో చేపల మీద హక్కు సాధారణంగా స్థానిక మత్స్య సహకార సంఘానిది. ఆ చేపలతోనే ఆ కుటుంబాల పొయ్యి వెలుగుతుంది. మనకు అది షౌక్, వాళ్లకు అది రోజీ. సంఘం వాళ్లను అడిగి, వాళ్లు చెప్పిన రుసుము ఇచ్చి గాలం వేయండి. గుడ్లు పెట్టే వానాకాలంలో వద్దంటే ఆగండి. పన్నెండు వేల రాడ్ పట్టుకుని అడక్కుండా చేప తీసుకెళ్లడం ఏ విధంగానూ మర్యాద కాదు.

కాబట్టి ఇంట్లో ఈ చర్చ వచ్చినప్పుడు “ఎంత?” అనే ముందు “వారానికి ఎన్నిసార్లు వెళ్తావు, కూర్చుంటావా, విసురుతావా, ఏ దారం వాడతావు?” అని అడగండి. నెలకోసారి గట్టున కూర్చునే వాడికి గాజు బొంగు, అల్యూమినియం ఆక్సైడ్ రింగులు, నునుపైన డ్రాగ్ ఉన్న రీల్ చాలు. ప్రతి ఆదివారం బ్రెయిడ్ వేసి కొర్రమీను వెంట తిరిగేవాడికి మామూలు కార్బన్, మంచి రింగులు న్యాయమైన ఖర్చు. అంతకు మించింది కావాలంటే ముందు ఒక ఏడాది ఉన్న రాడ్‌తో వేటాడమనండి. ఆ ఏడాది తర్వాత కూడా “కొస బరువుగా ఉంది, రింగు అరిగింది” అని తనే గుర్తుపట్టి చెప్పగలిగితే, ఆ భాగానికి డబ్బు ఇవ్వొచ్చు.